చదువుకు ముందు చదువు: ఇంగ్లీషు గడప దగ్గర మన ఆడపిల్లలు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెల నుంచి పై చదువులకు విదేశాలు వెళ్ళే ఆడపిల్లలు గత పదిహేనేళ్ళలో బాగా పెరిగారు. కొడుకును అమెరికా చదువుకు పంపి, కూతురిని అమెరికా సంబంధానికి ఇచ్చిన తరం వెనకబడుతోంది. అవే ఇళ్ళల్లో ఇప్పుడు కూతురి చదువు కోసం కూడా పొలం తాకట్టు పెడుతున్నారు. ఈ మార్పు ఊరికే రాలేదు. ఆడపిల్లలు, వాళ్ళ తల్లులు ఇంట్లో పోరి సాధించుకున్నారు. అందుకు సంతోషించాలి.

అయితే ఈ ప్రయాణంలో ఒక మజిలీ ఉంది. దాని గురించి మన సంఘాల్లో ఎక్కడా చర్చ జరిగినట్టు నాకు కనబడలేదు. యూనివర్సిటీలో అసలు చదువు మొదలవడానికి ముందు, నీ ఇంగ్లీషు చాలదు కాబట్టి ఇంకో కోర్సు చదివి రా అంటారు. ఇంగ్లండులో దీన్ని ప్రీ-సెషనల్ అంటారు. ఆస్ట్రేలియాలో ఎలికోస్ అంటారు. కొన్నిచోట్ల ఫౌండేషన్, పాత్‌వే అనే పేర్లున్నాయి. ఆరు వారాల నుంచి ఏడాది దాకా ఉంటుంది. దానికి ఫీజు వేరు, పరీక్ష వేరు. అందులో తప్పితే అసలు చదువు లేదు, చాలాసార్లు వీసా కూడా లేదు.

దీన్ని మనం ఆ అమ్మాయి తెలివితేటల సమస్యగానో, ఆ కుటుంబం సొంత వ్యవహారంగానో చూస్తున్నాం. నేను అలా అనుకోవడం లేదు. ఇందులో డబ్బుంది, కులముంది, పెళ్ళి ఉంది, రెండు ప్రభుత్వాల నిబంధనలున్నాయి. ఇన్ని ఉన్నచోట అది హక్కుల ప్రశ్న అవుతుంది.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. మాది పత్తి, మిరప వేసే కౌలు రైతు కుటుంబం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2011లో అప్పు చేసి ఇంగ్లండు వెళ్ళి, ఎం.ఏ.లో చేరడానికి ముందు పది వారాల ఇంగ్లీషు కోర్సు చదివాను. తిరిగి వచ్చాక డిగ్రీ విద్యార్థినులకు ఇంగ్లీషు చెబుతున్నాను. బయటికి వెళ్ళే అమ్మాయిలు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళ తల్లులు కూడా వస్తారు. మిరప కోత నుంచి నేరుగా వచ్చిన ఒక తల్లి, "ఆరున్నర చాల్లేదంటున్నారు, నూటికి ఆరున్నరేనా మేడం?" అని అడిగింది. కాదమ్మా, తొమ్మిదికి అని చెప్పాను. "మరి తొమ్మిదికి ఆరున్నరంటే ఫస్టు క్లాసే కదా, ఇంకేం కావాలంట వాళ్ళకి?" అంది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పడం అంత సులువు కాదు.

అర బ్యాండు లెక్క

ముందు పరీక్ష సంగతి. మన ఊళ్ళల్లో ఐలెట్స్ అని పిలిచే ఐఈఎల్‌టీఎస్ 1989 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. అమెరికా వారి టోఫెల్ 1964 నాటిది. ఐలెట్స్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. తొమ్మిది బ్యాండ్లు. మొత్తం మీద ఆరున్నర వచ్చినా ఒక్క రాతలో అయిదున్నర వస్తే చాలాచోట్ల ఆపేస్తారు. ఫలితం రెండేళ్ళే చెల్లుతుంది. ఫీజు 18 వేల రూపాయల ప్రాంతంలో ఉంది. రోజుకు 400 రూపాయల కూలి అనుకున్నా అది 45 రోజుల కష్టం. ఒకసారి తప్పితే మళ్ళీ ఫీజు కట్టాలి.

అడిగిన దానికి అర బ్యాండు తక్కువైతే ఆరు వారాలు, ఒక బ్యాండు తక్కువైతే పది పన్నెండు వారాలు ప్రీ-సెషనల్ చదవమనడం ఇంగ్లండులో మామూలు పద్ధతి. యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశపత్రం షరతులతో ఉంటుంది. షరతు తీరితేనే సెప్టెంబరులో సీటు. ఈ కోర్సుల్లో కొన్నింటిని యూనివర్సిటీలే నడుపుతాయి. మరికొన్నింటిని యూనివర్సిటీలతో ఒప్పందం కుదుర్చుకున్న ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి. భాష నేర్పడం అక్కడ పెద్ద వ్యాపారం.

పది వారాలకు నాలుగు వేల పౌండ్లు కట్టమన్న ఒక ఉత్తరాన్ని ఒక అమ్మాయి నాకు చూపించింది. మన డబ్బులో నాలుగున్నర లక్షలకు పైమాటే. తిండి, అద్దె దీనికి అదనం. మిరప ధర 2023లో క్వింటాలు 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి ఎంతగా పడిపోయిందంటే, కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధరకు లెక్క వేస్తే పది వారాల ఇంగ్లీషు అంటే దాదాపు నలభై క్వింటాళ్ళ ఎండుమిరప. బాగా పండిన రెండెకరాల పంట మొత్తం. విత్తనం, పురుగుమందు, కౌలు, కోత కూలి ఏదీ తీసేయకుండా చెబుతున్న లెక్క ఇది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి రైతులు ప్రాణాలు తీసుకున్న నేల మనది. పంట మీద నమ్మకం పోయాకే ఇక్కడి కుటుంబాలు పిల్లల చదువు మీద పెట్టుబడి పెట్టడం మొదలుపెట్టాయి. ఆ పెట్టుబడి కూడా పంటలాగే జూదమైపోయిందని ఈ కాగితాలు చూస్తే అర్థమవుతుంది.

ఇంకో అన్యాయం బయటికి కనబడదు. పన్నెండో తరగతి ఇంగ్లీషులో మంచి మార్కులుంటే కొన్ని యూనివర్సిటీలు ఈ పరీక్షే అక్కర్లేదంటాయి. కానీ ఆ సౌకర్యం సీబీఎస్ఈ లాంటి బోర్డులకు ఉన్నట్టు అన్ని రాష్ట్ర బోర్డులకూ ఉండదు. ఉన్నా ఎక్కువ మార్కులు అడుగుతారు. అంటే లక్షలు కట్టి సీబీఎస్ఈలో చదివిన పిల్లకు గడప తక్కువ ఎత్తు. కస్తూర్బా విద్యాలయంలో చదివి ప్రభుత్వ జూనియర్ కాలేజీ నుంచి వచ్చిన పిల్లకు అదే గడప ఎక్కువ ఎత్తు.

మళ్ళీ దేశాల మధ్య కూడా ఇదే తేడా. వీసాకు ఇంగ్లీషు రుజువు చూపనక్కరలేని దేశాల జాబితా బ్రిటన్ దగ్గర ఒకటుంది. అందులో అమెరికా, ఆస్ట్రేలియా, ఐర్లండు, జమైకా, మాల్టా ఉన్నాయి. రెండు వందల ఏళ్ళు వాళ్ళ పాలనలో ఉండి, ఇవాళ్టికీ కోర్టుల్లో, కాలేజీల్లో ఇంగ్లీషు వాడుతున్న మన దేశం లేదు. మన ఇంజనీరింగు కాలేజీలు దాదాపు అన్నీ కాగితం మీద ఇంగ్లీషు మీడియమే. నాలుగేళ్ళ బి.టెక్.లో తన సొంత మాటల్లో ఒక్క పేజీ రాయాల్సిన అవసరం రాని అమ్మాయిలు నాకు డజన్ల కొద్దీ తెలుసు. ఇక్కడ ఎవరూ నేర్పలేదు. అక్కడ ఎందుకు రాదని అడుగుతారు. రెండింటికీ మూల్యం చెల్లించేది ఆ పిల్లే.

తరగతి గదిలో ఏం జరుగుతుంది

ఈ కోర్సుల్లో నేర్పేది మనం అనుకునే స్పోకెన్ ఇంగ్లీషు కాదు. పుస్తకాలు, వ్యాసాలు చదివి అందులోని వాదనను పట్టుకోవడం, దానికి ఎదురు వాదన చూపడం, ఎవరి మాట ఎక్కడ నుంచి తీసుకున్నామో చెప్పడం, పదిమంది ముందు నిలబడి మాట్లాడటం, రెండు మూడు వేల మాటల వ్యాసం రాయడం. నా తరగతిలో చైనా అమ్మాయిలు సగం మంది. సౌదీ, టర్కీ, థాయ్‌లాండ్ వాళ్ళు మిగతా సగం. వాళ్ళలో చాలామందికి నాకంటే వ్యాకరణం బాగా వచ్చు. నాకు వాళ్ళకంటే ధారాళంగా మాట్లాడటం వచ్చు. చర్చ మొదలయ్యేసరికి అందరం ఒకేలా మౌనంగా కూర్చునేవాళ్ళం.

ఆ మౌనాన్ని ఉపాధ్యాయులు ఇంగ్లీషు రాకపోవడంగా రాసుకున్నారు. కొందరు మా సంస్కృతి అలాంటిదని సరిపెట్టుకున్నారు. నా మౌనానికి కారణం నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి పెద్దవాళ్ళ మధ్య మాట్లాడితే "నోరు ముయ్యవే" అనిపించుకున్నాను. బళ్ళో ప్రశ్న అడిగితే ఎక్కువ తెలుసా అనిపించుకున్నాను. ఇంటర్మీడియట్‌లో రెండేళ్ళ పాటు ఉదయం నుంచి రాత్రి దాకా బిట్లు బట్టీ పట్టాను. అలాంటి మనిషిని ఒక్కసారిగా నీ అభిప్రాయం చెప్పు అంటే గొంతు పెగలదు. అదే వయసున్న మా ఊరి మగపిల్లవాడు తప్పో ఒప్పో మాట్లాడేవాడు. వాడికి ఇంట్లో, రచ్చబండ దగ్గర ఆ అలవాటుంది. మార్కులు వేసేచోట ఈ తేడా బ్యాండ్లుగా మారుతుంది.

కాపీ విషయం ఇంకా బాధ పెడుతుంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాస్తే మన దగ్గర పూర్తి మార్కులు. ఒక్క మాట మారిస్తే మార్కు పోతుంది. అక్కడ అదే పని దొంగతనం. మొదటి వ్యాసంలోనే ఈ ముద్ర పడిన అమ్మాయిలు విచారణ గదిలో ఎలా వణికిపోతారో నేను చూశాను. వాళ్ళు మోసం చేద్దామని చేయలేదు. పెద్దవాళ్ళు రాసినదాన్ని నేనెవరిని మార్చడానికి అనుకున్నారు. తేడా ఏమిటో ఓపికగా చెప్పే ఉపాధ్యాయులున్నారు. నేరస్తుల్లా చూసేవాళ్ళూ ఉన్నారు. ఎవరు దొరుకుతారన్నది అదృష్టం మీద ఆధారపడకూడదు.

ఈ కోర్సుల్లో మంచి లేదని నేను అనను. నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా "దీని గురించి నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగి, జవాబు కోసం ఆగిన ఉపాధ్యాయులు లేరు. అక్కడ అడిగారు. నాలుగో వారంలో నేను భూమి హక్కు గురించి, కౌలుదారు భార్య పేరు ఏ కాగితంలోనూ ఎందుకు ఉండదన్న దాని గురించి మాట్లాడాను. తరగతి మొత్తం విన్నది. ఆ అనుభవాన్ని ఏ ఫీజుతోనూ కొలవలేను. నా ఫిర్యాదల్లా ఒకటే. ఆ ప్రశ్న వినడానికి మన పిల్ల సముద్రం దాటి, లక్షలు కట్టి ఎందుకు వెళ్ళాలి?

ఇంకో మాట కూడా చెప్పాలి. సాక్ష్యం చూపి వాదించడం మనకు కొత్త విద్య అన్నట్టు ఆ కోర్సులు మాట్లాడతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకు వ్యతిరేకంగా నిలబడ్డప్పుడు ఏం చేశారు? కూలి డబ్బులు ఎంత, సారాకు పోయేది ఎంత, ఇంటికి వచ్చేది ఎంత అని లెక్క కట్టారు. ప్రభుత్వానికి ఆదాయం పోతుందన్న వాదనకు ఎదురు వాదన చెప్పారు. అధికారులను నిలదీశారు. 1993లో సారా నిషేధం వచ్చింది. విమర్శనాత్మక ఆలోచన అని ఆ కోర్సుల్లో చెప్పే గుణాలన్నీ అందులో ఉన్నాయి. వాళ్ళు దాన్ని తెలుగులో చేశారు, అంతే తేడా. మన అమ్మాయిలు ఖాళీ బుర్రతో వెళ్ళడం లేదు. వాళ్ళ దగ్గర ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతి అక్కడ లేదు, ఇక్కడా లేదు.

పెళ్ళి సంతలో బ్యాండ్లు

పంజాబులో ఐలెట్స్ పెళ్ళిళ్ళ గురించి పత్రికల్లో చాలా వచ్చింది. అమ్మాయికి మంచి స్కోరుంటే వరుడి కుటుంబం ఆమె ఫీజు కడుతుంది. పెళ్ళి చేసుకుని ఆమె విద్యార్థి వీసా మీద, అతను భర్తగా ఆమె వెనక విదేశం వెళతారు. ఫలానా స్కోరున్న వధువు కావాలని ప్రకటనలే ఇచ్చారు. కట్నం తిరగబడిందని కొందరు సంబరపడ్డారు. కట్నం తిరగబడలేదు. ఆడపిల్ల కొత్త రకం సరుకైంది. డబ్బు పెట్టినవాడి మాట వినకపోతే ఆమె మీద మోసం కేసులు పెట్టారు.

మన జిల్లాల్లో అంత బాహాటంగా లేకపోవచ్చు. కానీ నా దగ్గరకు వచ్చిన అమ్మాయిల్లో పెళ్ళి ముడి లేని కథలు తక్కువ. "ఫీజు వాళ్ళు కడతామన్నారు మేడం, అందుకే ఒప్పుకున్నాను" అని ఒకమ్మాయి చెప్పింది. "ఈసారి స్కోరు రాకపోతే ఆ సంబంధం ఖాయం చేస్తామన్నారు" అని ఇంకో అమ్మాయి. మగపిల్లవాడికి పరీక్ష తప్పితే మళ్ళీ రాస్తాడు. ఆడపిల్లకు పరీక్ష తప్పితే ముహూర్తం పెడతారు. ప్రీ-సెషనల్‌లో ఉన్న అమ్మాయికి ఇంటి నుంచి వచ్చే ప్రతి ఫోనులోనూ ఈ బెదిరింపు ఉంటుంది. అలాంటి మనసుతో ఆమె విమర్శనాత్మక వ్యాసం రాయాలి.

విదేశీ నిబంధనలు మారినప్పుడల్లా దెబ్బ ముందు వీళ్ళకే తగులుతుంది. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో మామూలు ఎం.ఎస్., ఎం.ఏ. చదివేవాళ్ళు భర్తను, పిల్లలను వెంట తీసుకువెళ్ళడానికి వీల్లేదు. ప్రధానంగా పరిశోధన విద్యార్థులకే ఆ వీలుంది. చదువుకోవాలనుకునే చంటిపిల్లల తల్లికి దీంతో దారి మూసుకుపోయింది. ఆస్ట్రేలియా 2024 మార్చిలో వీసాకు కావలసిన ఐలెట్స్ స్కోరును అయిదున్నర నుంచి ఆరుకు పెంచింది. అదే ఏడాది జులైలో వీసా రుసుమును 710 డాలర్ల నుంచి 1,600 డాలర్లకు పెంచింది. ఇవన్నీ ఆయా దేశాల ఎన్నికల రాజకీయాల నుంచి పుట్టిన నిర్ణయాలు. చిలకలూరిపేట పక్కన ఉన్న పల్లెలో ఒక అమ్మాయి చదువు ఆగిందా సాగిందా అన్నది వాటితో తేలిపోతోంది.

అనుమానం ఎప్పుడూ విద్యార్థుల మీదే

2014 ఫిబ్రవరిలో బీబీసీ పనోరమా కార్యక్రమం లండన్‌లో ఇంగ్లీషు పరీక్షల్లో జరుగుతున్న మోసాన్ని బయటపెట్టింది. మోసం జరిగిన మాట నిజం. కానీ దాని తర్వాత బ్రిటన్ హోం శాఖ 30 వేల మందికి పైగా విదేశీ విద్యార్థుల వీసాల మీద వేటు వేసింది. ఎక్కువమంది మన ఉపఖండం వాళ్ళే. చాలామందికి తమ మీద ఉన్న సాక్ష్యం ఏమిటో కూడా చూపలేదు. నిరపరాధులు ఇందులో చిక్కుకున్నారా అన్నది హోం శాఖ సరిగా పట్టించుకోలేదని 2019లో అక్కడి జాతీయ ఆడిట్ సంస్థే చెప్పింది. కొందరు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి నిర్దోషులని నిరూపించుకున్నారు. ఈలోగా చదువు పోయింది, అప్పు మిగిలింది.

అమెరికాలోనూ చూశాం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు, అక్కడి విద్యార్థుల్లో చాలామంది మన తెలుగు పిల్లలు. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అక్కడి ప్రభుత్వ అధికారులే ఒక బూటకపు విద్యాసంస్థను నడిపి, చేరినవాళ్ళను పట్టుకున్నారు. మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. వాళ్ళలో తెలుగువాళ్ళే ఎక్కువ. అందరూ అమాయకులని నేను వాదించడం లేదు. ఫీజు తీసుకున్నవాళ్ళు, కమీషను తిన్న ఏజెంట్లు, అప్పిచ్చినవాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా ఉండి, గొలుసు చివర ఉన్న విద్యార్థికే శిక్ష ఎందుకు పడుతుందని అడుగుతున్నాను.

గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. విదేశీ విద్య బోర్డులు లెక్కపెట్టలేం. చాలా కన్సల్టెన్సీలు విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోవు. యూనివర్సిటీ నుంచి కమీషను తీసుకుంటాయి. అందుకే ఉచిత సేవ అని రాసుకుంటాయి. కమీషను ఎక్కడ ఎక్కువైతే అక్కడికే దారి చూపిస్తారు. ఇంగ్లీషు కోర్సు కలిపి అమ్మితే వాళ్ళకు లాభం. ఆ కోర్సులో తప్పితే ఫీజు వెనక్కి వస్తుందా, వీసా సంగతేమిటి అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇచ్చినవాళ్ళు నాకు తారసపడలేదు.

ఇంగ్లీషు ఎవరిది

ఇంత చెప్పాక, ఇంగ్లీషు వద్దు తెలుగే ముద్దు అని నేను ముగిస్తానని కొందరు అనుకోవచ్చు. నేను అలా అనలేను. సావిత్రీబాయి ఫూలే 1854లో వెలువరించిన కవితా సంపుటిలోనే ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రులకు, అతిశూద్రులకు చెప్పింది. ఒంగోలు ప్రాంతంలో మాదిగలకు, గుంటూరు ప్రాంతంలో మాలలకు బడి తలుపు మొదట తెరిచింది చాలాచోట్ల మిషన్లే. ఆడవాళ్ళ వైద్యం కోసం డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. మరోవైపు, ఐర్లండులో బారిస్టరు చదివి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. రెండు దారులూ మన ఆడవాళ్ళ చరిత్రలో ఉన్నాయి. ఒకదాన్ని విదేశీ అనీ, ఇంకోదాన్ని వెనకబాటు అనీ కొట్టేయడం తేలిక. దానివల్ల ఏ పిల్లకూ ఉపయోగం లేదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియం చేస్తూ జీవో 81 ఇచ్చింది. తర్వాత జీవో 85 ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషు మీడియమే కావాలన్నారు. 2023లో ప్రభుత్వ బడి పిల్లలకు టోఫెల్ పరీక్షలు పెట్టించడానికి అమెరికా సంస్థతో ఒప్పందం కుదిరింది. 2024లో ప్రభుత్వం మారాక అదీ ఆగిపోయింది. ఒకరు తెస్తారు, ఇంకొకరు తీసేస్తారు. మధ్యలో బడిలో ఉన్న పిల్లకు ఏ భాషలోనూ నాలుగు పేరాలు సొంతంగా రాయడం రాకుండా పోతోంది. మీడియం గురించి పోట్లాడినంతగా, ఆలోచించి రాయడం ఎలా నేర్పాలన్న దాని గురించి ఎవరూ పోట్లాడలేదు. తెలుగులో వాదన నిర్మించడం వచ్చిన పిల్లకు ఇంగ్లీషులో అది నేర్పడం కష్టం కాదని నా తరగతి అనుభవం చెబుతోంది. ఏ భాషలోనూ రాని పిల్లకే పది వారాలు నరకమవుతాయి.

దళిత ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పుకోవాలి. కేంద్ర ప్రభుత్వ జాతీయ విదేశీ విద్యా ఉపకార వేతనం ఏటా 125 మందికి ఇస్తారు. అందులో 115 షెడ్యూల్డు కులాలకు. మొత్తంలో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. కానీ ప్రవేశపత్రం షరతులు లేనిదై ఉండాలి. అర బ్యాండు తక్కువై, ప్రీ-సెషనల్ చదివితే సీటిస్తామన్న పత్రం పనికిరాదు. డబ్బున్న పిల్ల కోర్సు ఫీజు కట్టి ముందుకు పోతుంది. ఉపకార వేతనమే ఆధారమైన పిల్ల అక్కడే ఆగిపోతుంది. షరతులు తీర్చుకున్నా భరోసా లేదు. 2025లో ఎంపికైన 106 మందిలో నిధులు లేవంటూ మొదట 40 మందికే పత్రాలిచ్చారు.

అవసరాల లెక్క, హక్కుల లెక్క

ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చిన ఆలోచన ఒకటుంది. న్యూయార్కులో వలస విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పిన సారా బెనెష్ అనే అధ్యాపకురాలు 2001లో ఒక పుస్తకం రాసింది. విద్యార్థికి ఏం అవసరమో లెక్క కట్టి నేర్పడం ఈ కోర్సుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆ అవసరాలు నిర్ణయించేది యూనివర్సిటీ. పాఠాలు వేగంగా చెబితే, వేగంగా రాసుకోవడం విద్యార్థి అవసరమవుతుంది. నెమ్మదిగా చెప్పమని అడిగే హక్కు ఆమెకుందా అన్న ప్రశ్న రాదు. బెనెష్ దానికి పక్కన హక్కుల లెక్క కూడా ఉండాలంది. విద్యార్థినులకు ఏం అడిగే వీలుంది, దేన్ని మార్చమనవచ్చు, దేన్ని కాదనవచ్చు అని కూడా చూడాలంది.

మన సంఘాల్లో పనిచేసేవాళ్ళకు ఈ తేడా వివరించనక్కర్లేదు. స్త్రీల అవసరాలు తీర్చే పథకాలకూ, స్త్రీల హక్కులకూ మధ్య తేడా గురించి మనం ఏళ్ళుగా మాట్లాడుతున్నాం. కుట్టుమిషను ఇవ్వడం వేరు, కనీస వేతనం అడగటం వేరు. ఇంగ్లీషు విషయంలో కూడా మనం ఇప్పటిదాకా కుట్టుమిషను దగ్గరే ఆగాం. స్పోకెన్ ఇంగ్లీషు శిబిరాలు పెట్టాం. ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పాం.

ఈ చూపు మనవైపు కూడా తిప్పుకోవాలి. గుంటూరు జిల్లాలోని ప్రైవేటు యూనివర్సిటీలకు ఆఫ్రికా దేశాల నుంచి విద్యార్థినీ విద్యార్థులు వస్తున్నారు. హైదరాబాదు ఇఫ్లూలో అనేక దేశాల వాళ్ళకు ఇంగ్లీషు శిక్షణ ఇస్తున్నారు. మన దగ్గరికి వచ్చిన ఆఫ్రికా అమ్మాయికి ఇంగ్లీషు మనకంటే బాగా వస్తుంది. అయినా ఆమెకు ఇల్లు అద్దెకివ్వరు, బస్సులో పక్కన కూర్చోరు, రంగు చూసి నవ్వుతారు. లండన్‌లో మన పిల్లకు జరిగింది అన్యాయమైతే, వడ్లమూడి, వడ్డేశ్వరం పక్క ఊళ్ళల్లో ఆమెకు జరిగేది కూడా అన్యాయమే. విదేశీ విద్యార్థినుల హక్కులు అన్నప్పుడు వాళ్ళనూ కలుపుకోవాలి.

మనం చేయాల్సింది

కొన్ని పనులు వెంటనే మొదలుపెట్టవచ్చు.

ఒకటి: ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో, సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చివరి ఏడాది చదివే ఆడపిల్లలకు ఉచితంగా అకడమిక్ ఇంగ్లీషు కోర్సు పెట్టమని అడగాలి. అందులో తెలుగు వాడుకోనివ్వాలి. ముందు తెలుగులో వాదించి, తర్వాత ఇంగ్లీషులో రాసే పద్ధతి ఉండాలి. విదేశం వెళ్ళని పిల్లకు కూడా ఇది పనికొస్తుంది. కలెక్టరుకు అర్జీ రాయడం, కోర్టు తీర్పు చదవడం ఆమెకు వస్తాయి.

రెండు: షరతులతో కూడిన ప్రవేశపత్రాన్ని కూడా ఉపకార వేతనాలకు అంగీకరించాలి. ప్రీ-సెషనల్ ఫీజును అందులో కలపాలి. పరీక్ష ఫీజు రెండుసార్ల వరకు పేద విద్యార్థినులకు ప్రభుత్వమే భరించాలి.

మూడు: విదేశీ విద్య కన్సల్టెన్సీలకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేయాలి. ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషను తీసుకుంటున్నారో, కోర్సులో తప్పితే ఫీజు, వీసా ఏమవుతాయో తెలుగులో రాసి సంతకం చేసి ఇవ్వాలి.

నాలుగు: ఇది మన చేతుల్లో పని. ప్రతి మండలంలో సంఘం ఆఫీసులో వారానికి ఒకరోజు ఈ కాగితాలు చదివి పెట్టే కార్యకర్త ఉండాలి. వెళ్ళి వచ్చిన అమ్మాయిలను పిలిచి, వెళ్ళబోయే అమ్మాయిలతో, వాళ్ళ తల్లులతో కూర్చోబెట్టాలి. ఫీజుకు బదులు పెళ్ళి అనే ఒప్పందం ఎక్కడ జరుగుతున్నా దాన్ని కట్నం కేసు చూసినట్టే చూడాలి. పరాయి దేశంలో చదువు మధ్యలో ఆగి ఒంటరిగా ఉన్న అమ్మాయి ఇంటికి కాకపోతే మనకైనా ఫోను చేయగలగాలి.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఇంగ్లీషు చదువు గురించి మాట్లాడటం డబ్బున్నవాళ్ళ సమస్య అన్న సంకోచం పోవాలి. గుంటూరు యార్డు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే మనిషి కూతురు ఇవాళ ప్రవేశపత్రం పట్టుకుని వస్తోంది. ఆమె తల్లి నన్ను అడిగిన ప్రశ్న, "ఇంకేం కావాలంట వాళ్ళకి?" అన్నది, యూనివర్సిటీలనూ ప్రభుత్వాలనూ మనం సంఘంగా అడగాల్సిన ప్రశ్న. ఈ పత్రిక చదివే కార్యకర్తలు తమ ప్రాంతంలోని అనుభవాలు రాసి పంపితే, వచ్చే విద్యా సంవత్సరానికి ముందే మనం ఒక అర్జీ తయారు చేసుకోవచ్చు.